డప్పు తోలు జల్లెడ

పోయిన నెల గీదం అవతల గనుల ఊళ్ళో ఉండే మా మనవరాలి ఇంటికి వెళ్ళాను. ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడి సంఘం స్త్రీలు నన్ను ఆపి కుర్చీ వేసి కూర్చోబెట్టారు. ఆ వారం వాళ్ళలో వాళ్ళు ఒక పోటీ పెట్టుకున్నారట. ఇంట్లో పారేసే వస్తువులతో పనికొచ్చేది ఏదైనా చేసి తేవాలి. నూనె సీసాలు కోసి మొక్కలు పెట్టారు. చిరిగిన ప్యాంట్లతో సంచులు కుట్టారు. ఒకావిడ పాత చీరలు పేలికలు చేసి గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టా అల్లింది, అది నిజంగానే గట్టిగా ఉంది. "అమ్మమ్మా, మీ కాలంలో ఇట్లాంటివి చేసేవాళ్ళా?" అని ఒక చిన్నామె అడిగింది. నవ్వు ఆపుకోలేకపోయాను. మా కాలంలో చెత్తబుట్టే లేదమ్మా అన్నాను. "మరి చెత్తంతా ఎక్కడ పోసేవాళ్ళు?" అంది. పశువు తిననిది, పొయ్యిలో కాలనిది, పెంటలో కుళ్ళనిది ఏదైనా ఉంటే అది మళ్ళీ ఇంట్లోకే వచ్చేదని చెప్పాను. ఏదైనా ఒక వస్తువు సంగతి చెప్పమని పట్టుబట్టారు. నాకు ముందు గుర్తొచ్చింది మా ఇంటి జల్లెడ. ఆ రోజు టీ చల్లారిపోతోందని తొందరగా ముగించాను. ఇక్కడ తొందర లేదు.

మా ఊరి నుంచి ఎర్రబోరు సంత పొద్దున్నే బయలుదేరితే ఎండెక్కక ముందే చేరేంత దూరం. అప్పుడు అదంతా బస్తరు రాజ్యం. రాజుగారు జగదల్‌పూర్‌లో ఉంటారని విన్నాం తప్ప మాకు రాజ్యమంటే ఊరి పటేలే. ఇంట్లో తెలుగు, పటేలు ఇంటివాళ్ళతో దోర్లీ, సంతలో నోటికి ఏది వస్తే అది, సర్కారు మనిషి వస్తే వచ్చీ రాని హిందీ. మా ఇల్లు ఊరి చివర. రెండు గదులు, ముందు పందిరి, పందిరికి ఎప్పుడూ ఒక సొరపాదు. ఆ పాదు మీద ముదిరిన కాయలన్నీ మాకు చెంబులు, గరిటెలు, విత్తనాల బుర్రలు. చలికాలం పొద్దుటిపూట ఇంట్లో మూడు వాసనలు కలిసి ఉండేవి. అటక మీద ఎండిన ఇప్పపువ్వు తీపి వాసన, అలికిన పేడ వాసన, మా నానమ్మ నోట్లో పొగాకు వాసన. వాటిలో ఏది లేకపోయినా ఆ రోజు ఇల్లు మాది కానట్టుండేది.

కుండ పగిలితే వేరే ఇళ్ళల్లో ఆడవాళ్ళు అయ్యో అనేవారు. మా అమ్మ మార్తమ్మ ముందు మెడ చూసేది. మెడ చుట్టూ నిలిస్తే దాన్ని బోర్లించి మరో కుండకు కుదురు చేసేది. అడుగు నిలిస్తే అది మంగలం, గింజలు వేయించుకోవడానికి. మిగిలిన పెంకుల్లో పెద్దది కోళ్ళకు నీళ్ళు పెట్టడానికి. ఒకసారి శబరి ఏటి అవతలి నుంచి వాక్యం చెప్పడానికి వచ్చే ఉపదేశిగారి గొడుగు గాలికి తలకిందులై విరిగింది. ఆయన దాన్ని మా పందిట్లోనే వదిలేసి వెళ్ళారు. మళ్ళీ నెల ఆయన వచ్చేసరికి దాని పుల్లలు సంతకు పోయే పొగాకు గుచ్చే సూదులయ్యాయి, గుడ్డ మా తమ్ముడికి వానటోపీ అయింది, పిడి ఉట్టి వేలాడేసే కొక్కెం అయింది. ఆయన ఉట్టి వంక చాలాసేపు చూసి, "ఈ వంపు ఎక్కడో చూసినట్టున్నదే" అన్నారు. "మీ చేతిల్నే చూసిండ్రు అయ్యా" అంది అమ్మ. యుద్ధం వల్ల గుడ్డా కిరసనాయిలూ దొరకని రోజులవి. కానీ దొరికే రోజుల్లోనూ అమ్మ అట్లాగే ఉండేది. మనిషికి మారుమనసు ఇచ్చిన దేవుడు వస్తువుకు ఇవ్వడా అనేది. ఎవరైనా ఏదైనా పారేయబోతే, "ఆగు, దానికి ఇంక మారుమనసు రాలే" అని చేతిలోంచి లాక్కునేది.

అమ్మ పెళ్ళికి ముందే బాప్తిస్మం పొందింది. నాయన పొందలేదు. దానికి కారణం మా అటక కింద కొయ్యకు వేలాడే డప్పు. మా ఇంటి మగవాళ్ళది ఊరికి డప్పు కొట్టే వంతు. జాతరకు కొట్టాలి, చావుకు కొట్టాలి, సర్కారు మాట చాటాలన్నా కొట్టాలి. ఎవరో వేట దొరలు అడవికి వస్తే మృగాన్ని బెదరగొట్టి తోలడానికీ కొట్టాలి. ఆ పనులన్నిటికీ కలిపి కల్లం నాడు ఒక పాలు వడ్లు. డప్పు మా తాత చేతి పని. కట్టె చట్రం వంచడం, తోలు నానబెట్టి బిగించడం అన్నీ ఆయనే చేశాడట. నాయన దాన్ని మంట దగ్గర కాచి తోలు బిగిసేదాకా వేళ్ళతో తట్టి చూసేవాడు. ఆ వేడి తోలు వాసనలో నేను పెరిగాను. నాయన కొడితే పొలాల్లో మనుషులు నడుం ఎత్తి నిలబడేవాళ్ళు. ఆయనకు ఆ సంగతి తెలుసు. అదే ఆయన కష్టం.

వాక్యం వినడానికి నాయన ఎప్పుడూ ముందు వరసలోనే కూర్చునేవాడు. ఆ ఏడు వానలు తగ్గాక, బాప్తిస్మానికి సిద్ధమని తనే ఉపదేశిగారితో చెప్పాడు. ఉపదేశిగారు మంచివారు, మెత్తనివారు, కానీ డప్పు విషయంలో మెత్తదనం లేదు. "లచ్చయ్యా, వేరే దేవతల ముందు మోగిన డప్పు. కాల్చి రా. శబరి నీళ్ళు తగ్గినంక నిన్ను ముంచుత" అన్నారు. మళ్ళీ వచ్చినప్పుడు ఆయన, "కాల్చినవా?" అంటే నాయన, "కాల్చిన అయ్యా" అన్నాడు. పెరట్లో బూడిద చూపించాడు. కొయ్యకు డప్పు లేదు. అమ్మ ఆ సాయంత్రం మోకాళ్ళ మీద చాలాసేపు స్తోత్రాలు చెప్పింది. నానమ్మ మాత్రం తనకు పట్టనట్టు పొగాకు నలుపుకుంటూ కూర్చుంది.

కొత్తల పండుగ దగ్గర పడింది. కొత్త వడ్లు దేవతకు చూపించి తినే పండుగ, డప్పు లేకుండా కాదు. పటేలు మా పందిరి బయట నిలబడి పిలిచాడు. లోపలికి రాడు, అది ఆయన పద్ధతి.

"ఏమిరా లచ్చిగా, డప్పు కాల్చినవట?"

"కాల్చిన పటేలా."

"డప్పు కాలితే చేతులు కాలినయా? వేరే ఊరి నుంచి తెప్పిస్త. నువ్వు కొట్టు."

నాయన సొరపాదు తీగ ఒకటి పందిరికి చుట్టాడు.

"కొట్టకుంటే కల్లంకాడికి రాకు. మీ కొత్త దేవుడే వడ్లు పోస్తడు గద, ఆయన కల్లంకాడికే పో."

"చూద్దాం పటేలా" అన్నాడు నాయన.

ఆ 'చూద్దాం' అమ్మకు ముల్లులా గుచ్చుకుంది. కల్లం పాలు పోతే మేము వేసవి దాటడం కష్టమని నాకు కూడా తెలుసు. మా తమ్ముడు ఇంకా అమ్మ పాలు తాగుతున్నాడు. కానీ అమ్మ భయపడింది వడ్ల గురించి కాదు. ఒక్కసారి ఆ చేతులు తోలు మీద పడితే మనిషి మళ్ళీ నది ఒడ్డుకు రాడని ఆమె భయం.

రెండు రోజుల తర్వాత ఇప్పపువ్వు దింపడానికి అమ్మ అటకెక్కింది. నేను కింద గంప పట్టుకుని నిలబడ్డాను. మూలనున్న గోనె పట్టాకు ఆమె మోచెయ్యి తగిలింది. లోపల్నుంచి 'దమ్' అని ఒక శబ్దం వచ్చింది. అమ్మ అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత తెలిసింది, నాయన కాల్చింది డప్పును భుజాన వేసుకునే పట్టెడ మాత్రమే. నోటి మాట పూర్తి అబద్ధం కాకూడదని ఆ తోలు ముక్క కాల్చి, డప్పు దాచాడు.

మధ్యాహ్నం నాయన అన్నానికి వచ్చేసరికి డప్పు పందిట్లో వాకిలి మధ్యన ఉంది.

"ఒక్క పండుగే" అన్నాడు నాయన. "ఒక్కసారి కొడత. కల్లం అయినంక నిజంగనే కాలుస్త."

"ఒక్కసారి అన్నోడు ఎవ్వడన్న ఒక్కసారితోటి ఆగిండా?" అంది అమ్మ.

"పిల్లలకు ఏం పెడతవే? స్తోత్రాలు పెడతవా?"

"పెడత. గడ్డలు తవ్వి పెడత. నీ అబద్ధం మాత్రం పెట్ట."

నాయన అన్నం ముట్టకుండా లేచి పొలానికి వెళ్ళిపోయాడు. అమ్మ పొయ్యిలోంచి కొరివి తెచ్చింది. తెచ్చిందే గానీ డప్పు మీద పెట్టలేకపోయింది. అంత మంచి చట్రం, అంత మంచి తోలు. కాల్చడం ఆమె చేతికి అలవాటు లేని పని. కొరివి పొయ్యిలో పెట్టి వచ్చి, ఇంట్లోంచి తోలు కుట్టే ఆరె తెచ్చి డప్పు ఒళ్ళో పెట్టుకుంది. మాకు మంచి జల్లెడ లేదు. వెదురు జల్లెడలో పురుగు జారిపోయేది. ఆమె ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. ఆరె మొన తోలు మీద పెట్టింది, కానీ అది పక్కకు జారింది.

"ఇటు తే" అంది నానమ్మ మూలనుంచి. "తోలు పని తెల్వని చేతులు తోలు ముట్టొద్దు."

అమ్మ బిత్తరపోయింది. "అత్తా, ఇది మామ చేసిన డప్పు."

"నాకు తెల్వదా? నీ మామ చేసిండు. దీన్ని మెడకేసుకునే జరంతో వేటకు పోయిండు. రానంటే పటేలు తండ్రి ఊకున్నడా? మంచం మీద పీనుగను తెచ్చిండ్రు. నీ దేవుని కోసం నేను పొడుస్తలేను, పిల్లా. నా కొడుకు మెడల ఇది ఉండొద్దని పొడుస్తున్న."

నానమ్మ డప్పును కాళ్ళ మధ్య బిగించి, నడిమధ్యన మొదటి పోటు పొడిచింది. తోలు ఒకసారి మోగింది. రెండో పోటుకు సన్నగా మోగింది. మరికొన్ని పోట్లు పడేసరికి ఇక మోగలేదు. నేను పక్కనే కూర్చుని లెక్కపెట్టడానికి చూశాను, నాకు వచ్చిన అంకెలు అయిపోయాయి.

పొద్దు వాలుతుండగా నాయన వచ్చాడు. వాకిట్లో ఆగాడు. మేమందరం అరుపు కోసం ఎదురుచూశాం. ఆయన నానమ్మ ముందు గొంతుక్కూర్చుని తోలు మీద అరచెయ్యి వేసి రాశాడు. కళ్ళు తడిశాయి. "ఈ వరస వంకర పోయిందమ్మా" అన్నాడు. నానమ్మ, "నా కండ్లు అంతే. నీ కండ్లున్నయి గద" అని ఆరె ఆయన చేతికిచ్చింది. మిగిలిన వరసలన్నీ నాయనే పొడిచాడు. చుక్కల ముగ్గులా చట్రం అంచుదాకా ఎక్కడా వంకర లేకుండా వచ్చాయి. డప్పు కొట్టే చిర్ర పుల్లను నానమ్మ తీసుకుని వీపు గోక్కోవడానికి పెట్టుకుంది.

శనివారం ఉపదేశిగారు వచ్చారు. మరునాడు ప్రభువు బల్ల, ఆరాధనలో రొట్టె విరిచి పంచే రోజు. మా వైపు గోధుమలు పండవు, ఆ రొట్టెకు పిండి ఆయనే సంచిలో తెచ్చేవారు. సంచిలో చాలా రోజులు నిలవుండి పురుగు పట్టింది. అమ్మ ఏమీ ఆలోచించకుండా, లేదా అంతా ఆలోచించుకునే, కొత్త జల్లెడ తీసి ఆయన ముందే పిండి జల్లించడం మొదలుపెట్టింది. పురుగు పైన నిలిచింది, పిండి కింద మంచులా రాలింది. ఉపదేశిగారు మెచ్చుకోబోయి ఆగారు. ఆయన చట్రం గుర్తుపట్టారు.

"ఇది డప్పు" అన్నారు. "లచ్చయ్యా, కాల్చిన అంటివి."

నాయన తల వంచుకున్నాడు.

"ప్రభువు రొట్టె పిండిని దీంట్ల పోస్తరా? జాతరల మోగిన తోలు ఇది! మార్తమ్మా, నువ్వన్న ఆలోచించలేదా?" ఆయన గొంతు పైకి లేవడం నేను వినడం అదే మొదటిసారి. పిండి పారబోయమన్నారు.

అమ్మ జల్లెడ కింద పెట్టలేదు. "పారబోస్త అయ్యా. నాకొక్క మాట చెప్పుండ్రి. మొన్న కోతల కూటంల మీరే చదివిండ్రు. అరణ్యంల పెద్దల మీద తిరగబడ్డోళ్ళు ధూపం ఏసే ఇత్తడి ధూపార్తులు పట్టుకొని నిలవడ్డరు. ఆళ్ళను అగ్గి కాల్చింది. ఆ ధూపార్తులు ఏమైనయి?"

ఉపదేశిగారి చెయ్యి సంచిలోని గ్రంథం వైపు పోయింది.

"పారేసిండ్రా? రేకులుగ సాగగొట్టి బలిపీఠానికే తొడిగిండ్రు. అట్ల చెయ్యమన్నది దేవుడే. మీరు చదువుతుంటే నేను ఇత్తడి గురించే ఇన్న. ఆయన తప్పు చేసినోళ్ళను శిక్షించిండు గని, ఇత్తడిని పారెయ్యలే."

అమ్మకు అక్షరం రాదు. వాక్యం చెవితో పట్టి గంపలో గింజల్లా దాచుకునేది. ఉపదేశిగారు సంచిలోంచి గ్రంథం తీసి, ఆ పుట వెతికి, నిలబడే పెదవులు కదుపుతూ చదువుకున్నారు. చదివి మూసేశారు. పందిట్లో చాప మీద కూర్చున్నారు. "అధ్యాయం చదివింది నేను, అర్థమైంది నీకు" అన్నారు. "జల్లించు."

తర్వాత నాయన వైపు తిరిగారు. "డప్పు సంగతి ఒప్పుకుంటున్న. నీ నోటి సంగతేంది?"

"తప్పే అయ్యా. ఆకలి భయంతోటి దాచిన" అన్నాడు నాయన. "రేపు అందరి ముందర చెప్త."

చెప్పాడు. ఆ ఆదివారం, మా చిన్న ప్రార్థన పాకలో, పట్టెడ కాల్చిన సంగతి, డప్పు దాచిన సంగతి, పటేలుతో 'చూద్దాం' అన్న సంగతి, ఒక్కటీ వదలకుండా. ఊరివాళ్ళను నిలబెట్టిన చేతులు ఆ రోజు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు కట్టుకున్నాడు. ఉపదేశిగారు ఆ నెల ఆయనను ముంచలేదు. శబరి ఇసుక తేలాక ముంచారు. ఆలస్యం మంచిదే అయిందని నాయన జీవితాంతం చెప్పేవాడు.

కొత్తల పండుగకు వేరే ఊరి డప్పు వచ్చింది. కల్లం నాడు మాకు పాలు రాలేదు. అమ్మ అన్నట్టే గడ్డలు తవ్వాం. చింతపిక్కలు వేయించి నానబెట్టి తిన్నాం, కూలికి పోయాం. దేవునికి స్తోత్రం, ఎవరమూ చావలేదు. ఆ నెలల్లోనే నాయన చుట్టుపక్కల ఇళ్ళల్లో పనికిరాక పడి ఉన్న తోళ్ళు తెచ్చి నానబెట్టాడు. బొక్కెన తోలు, చినిగిన డోలు తోలు, ఏది దొరికితే అది. వెదురు చట్రాలకు బిగించి జల్లెడలు చేశాడు. పిండికి ఒక రకం, నూకలకు ఒక రకం, విత్తనాలకు ఒక రకం. ఎర్రబోరు సంతలో అవి ఇచ్చి బియ్యం తెచ్చుకునేవాడు.

ఆ మొదటి జల్లెడ ఇప్పుడెక్కడుందని గనుల ఊరి స్త్రీలు అడిగారు. లేదు. తోలు అరిగి చిరిగాక చట్రం కోడిపిల్లల మీద మూసే బుట్టకు అంచు అయింది, అది విరిగాక పొయ్యిలోకి పోయింది. మా ఇంట్లో ఆ రోజుల వస్తువు ఒక్కటి కూడా జ్ఞాపకంగా మిగల్లేదు. అన్నిటినీ చివరిదాకా వాడుకున్నాం. ఇప్పుడు నా మనవరాలి ఇంట్లో అలమర నిండా సగం వాడిన వస్తువులున్నాయి, వాటిని పారేయడానికి సర్కారు బండి పాట పాడుకుంటూ గుమ్మం ముందుకు వస్తుంది. నేను వాళ్ళను తప్పు పట్టను. సీసాలో మొక్క పెట్టిన చిన్నామె చేతులు మంచి చేతులే. కాకపోతే వాళ్ళకు అది పోటీ. మాకు అది ప్రార్థన లాంటిది. వస్తువు చేతిలోకి వచ్చినప్పుడు, నువ్వు ఇంకా దేనికి పనికొస్తావు అని అడగడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. మనుషుల విషయంలో కూడా ఆ ప్రశ్న అడగకుండా ఎవరినీ వదిలేయకూడదని నా నమ్మకం. సంఘంలో ఇన్నేళ్ళు ఉండి నేను నేర్చుకున్నది అంతకంటే పెద్దగా ఏమీ లేదు.

ఆ వేసవిలో జరిగింది ఒకటి మిగిలింది. జాతర నెల. పటేలు మళ్ళీ మా పందిరి బయటికి వచ్చాడు. ఈసారి చేతిలో కొత్త తోలు ఉంది, చుట్టగా చుట్టి. వెనక ఒకడు కొత్త చట్రం మోస్తున్నాడు. వేరే ఊరివాడి డప్పు ఊరికి ఎక్కలేదట.

"లచ్చయ్యా" అన్నాడు. ఆ పిలుపు మేము ఆయన నోట వినలేదు. "పోయింది పోయింది. కల్లం పాలు రెండంతలు ఇస్త. ఇగో, తోలు నేనే తెచ్చిన. బిగించుకో."

ఇంట్లో ఆ రోజు పొయ్యి రాజలేదు. అది పటేలుకూ తెలుసు. నానమ్మ పొగాకు నలపడం ఆపింది. అమ్మ గుమ్మంలో నిలబడి పెదవులు కదుపుతోంది. నాయన ఆ తోలు తీసుకుని విప్పాడు. బొటనవేలితో అంచు నొక్కి చూశాడు, వెలుతురుకు ఎత్తి పట్టి మందం చూశాడు, ఒక మూల రెండు వేళ్ళతో పట్టి చాచి, మధ్యలో మెల్లగా ఒక్కసారి తట్టాడు. పటేలు ముఖం వెలిగింది. అమ్మ కళ్ళు మూసుకుంది.

"మంచి తోలు పటేలా" అన్నాడు నాయన. "దీంట్ల మూడు జల్లెడలు వస్తయి. పటేలమ్మకు పిండికి కావాల్నా, నూకలకు కావాల్నా?"

వెనకున్నవాడు చట్రం కింద పెట్టాలో ఎత్తాలో తెలియక భుజం మార్చుకున్నాడు. చివరికి పటేలు వంగి, మా పందిరి కిందికి వచ్చి, చాప మీద కూర్చున్నాడు.

"నూకలకు ఒకటి" అన్నాడు. "సన్నగ పొడువు."

నాయన ఆరె తీసుకున్నాడు.